నవ్వమని ఎవరడిగారు?

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు సాయంత్రం మా ఇంటికి పదకొండు మంది వచ్చారు. ఇద్దరు పిన్నులు, ఒక పెదనాన్న, కాలేజీలో నాతో పనిచేసే నలుగురు, కింది పోర్షన్‌లో ఉండే నలుగురు. పదకొండు మందీ ఒకే మాట చెప్పారు. ‘‘నువ్వు ధైర్యంగా ఉండాలి.’’ అందరి కళ్లల్లోనూ నీళ్లున్నాయి. ‘‘నువ్వు నవ్వుతూ ఉంటేనే మాకు ధైర్యమే’’ అంటూ మా పెద్ద పిన్ని నా గడ్డం పట్టుకుంది. నేను నవ్వాను. తరవాత వంటింట్లోకి వెళ్లి పదకొండు కప్పుల టీ పెట్టాను. ఎవరికి చక్కెర వద్దో కూడా గుర్తుపెట్టుకుని మరీ ఇచ్చాను.

ఆ టీ సంగతి నాకు చాలా రోజుల దాకా తట్టలేదు. ఇంట్లో ఎవరికీ తట్టలేదు. కేన్సర్ వచ్చిందని తెలిసిన మనిషే అందరికీ టీ కలిపి ఇవ్వడంలో వింతేముందని! ఇంటికి ఎవరొచ్చినా టీ పెట్టేది నేనే కదా.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. పాపకి ఆరేళ్లు. ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ. నేను డాక్టరేట్ చేసింది ఆంధ్రా యూనివర్సిటీ తెలుగు శాఖలో, స్త్రీల రచనల్లో హాస్యం మీద. భానుమతి ‘అత్తగారి కథలు’ నుంచి సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’ దాకా చదివి నవ్వు మీద మూడొందల పేజీలు రాసినదాన్ని. ‘‘నవ్వు గురించి అంత రాశావు, నీకేం భయం’’ అన్నారు స్నేహితులు. ఈత మీద పుస్తకం రాసినవాణ్ణి బీచ్‌కి తీసుకెళ్లి నీళ్లలోకి తోసి, నీకేం భయం అన్నట్టుంది నాకు.

ఇప్పటికి మూడేళ్లు దాటింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. బాగానే ఉన్నాను. ఆరు నెలలకోసారి పరీక్షలకి వెళ్తున్నాను. కేన్సర్‌ని నవ్వుతూ, నమ్మకంతో ఎదుర్కోవాలని చెప్పే పుస్తకాలూ ఉపన్యాసాలూ చాలా ఉన్నాయి. నేను ఇక్కడ ఇంకొకటి కలపబోవడం లేదు. నన్ను మూడేళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న వేరే. జబ్బు చేసిన స్త్రీ నవ్వుతూ ఉండటం, నమ్మకంతో ఉండటం ఆమె బాధ్యతా? ఆ బాధ్యత ఆమె నెత్తిన ఎవరు పెట్టారు? ఎవరి సుఖం కోసం పెట్టారు?

ముందు నవ్వు సంగతి చూద్దాం. మనల్ని నవ్వొద్దని చెప్పి పెంచారు. ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అన్న సామెత అందరికీ ఉన్నా, దెబ్బలు తిన్నది ఆడపిల్లలే. ‘‘ఏంటా ఇకిలింపు?’’ అనే మాట వినకుండా పెద్దమనిషైన ఆడపిల్ల మన వీధుల్లో ఉండదు. మయసభ కథ చూడండి. దుర్యోధనుడు నీళ్లలో పడ్డాడు, ద్రౌపది నవ్వింది, ఆ నవ్వు వల్లే కురుక్షేత్రం వచ్చింది అని నాటకాల్లో, సినిమాల్లో చూస్తూ పెరిగాం. వ్యాసుడి సంస్కృత భారతంలో ఆ సంఘటన జరిగిన చోట నవ్వినవాళ్లు భీముడు, అర్జునుడు, నకులసహదేవులు, పనివాళ్లు. ద్రౌపది నవ్విందని మనకి చెప్పేది దుర్యోధనుడు, తరవాత తండ్రి ముందు తన అవమానాన్ని ఏకరువు పెట్టేటప్పుడు. నలుగురు మగవాళ్ల నవ్వుని అందరూ మర్చిపోయారు. ఒక్క ఆడదాని నవ్వు మాత్రం పద్దెనిమిది అక్షౌహిణుల చావుకి జవాబు చెప్పాల్సి వచ్చింది. ఇదంతా పాతకాలం అనుకోవడానికీ లేదు. 2014లో టర్కీ ఉపప్రధాని బులెంట్ అరించ్ ఆడవాళ్లు నలుగురిలో పగలబడి నవ్వకూడదని బహిరంగంగా చెప్పాడు. అక్కడి స్త్రీలు పెద్ద ఎత్తున తమ నవ్వు ముఖాల ఫొటోలు బయటపెట్టి జవాబిచ్చారు.

అలాంటి సమాజం, ఒక రొమ్ము తీసేసిన మర్నాడు మన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ‘నవ్వమ్మా, నవ్వితే రోగం పోతుంది’ అంటుంది. ఇన్నాళ్లూ నవ్వొద్దన్నదీ ఇప్పుడు నవ్వమంటున్నదీ ఒకే నోరు. నాకిది మొదట వింతగా అనిపించింది. ఆలోచిస్తే వింతేమీ లేదు. అప్పుడు మన నవ్వు వాళ్లకి ఇబ్బంది, ఇప్పుడు మన ఏడుపు వాళ్లకి ఇబ్బంది. రెండుసార్లూ మనం సర్దుకోవాల్సింది ఎదుటివాళ్ల సౌకర్యం కోసమే.

నేనూ సర్దుకున్నాను, ఎంతో బాగా. డాక్సోరుబిసిన్ అనే మందు ఎర్రగా ఉంటుంది. దాన్ని ఎక్కిస్తుంటే ‘‘నాకు రోజ్‌మిల్క్ పోస్తున్నారు’’ అని పాపకి ఫోన్లో చెప్పాను. మా ఆయన కళ్లు తుడుచుకుంటే జోకు వేశాను. అమ్మ ఫోన్ చేస్తే రెండు జోకులు వేశాను. రాత్రి అందరూ పడుకున్నాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. ‘‘అమ్మా, కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయి?’’ అని పాప అడిగితే ఉల్లిపాయలన్నాను. కీమో రోజుల్లో ఉల్లిపాయ వాసనకే కడుపులో తిప్పేదని, నేను వంటింటి గడపే తొక్కడం లేదని ఆ పిల్లకి తెలీదా? తెలుసు. అయినా నమ్మినట్టే తలూపింది. ఆరేళ్లకే నా దగ్గర నటన నేర్చుకుంది.

నా జోకులు అందర్నీ నవ్వించాయనీ కాదు. పాప కడుపులో ఉన్నప్పుడు కాన్పు క్షేమంగా జరిగితే నా తలనీలాలు ఇప్పిస్తానని మా అత్తయ్య సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నారు. ఉద్యోగం, థీసిస్, అదీ ఇదీ అని నేను ఆరేళ్లు వాయిదా వేశాను. మొదటి కీమో అయిన మూడో వారానికి జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ‘‘అప్పన్న కొండ దిగొచ్చి వడ్డీతో సహా వసూలు చేసుకున్నాడు’’ అన్నాను. మా ఆయన, మరిది, అందరూ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. తన మొక్కు తీరకపోవడం వల్లే నాకు ఈ జబ్బు వచ్చిందేమోనని ఆమె నెల రోజుల నుంచి లోపల్లోపల కుమిలిపోతున్నారట. నేను సరదాగా విసిరిన మాట సరిగ్గా ఆ పుండు మీదే తగిలింది.

ఆడదాని బోడితల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన దగ్గర అదే తలకి ఎన్నో అర్థాలున్నాయి. కొండ మీద ఇచ్చి వస్తే పుణ్యం. మొగుడు పోయాక మంగలిని పిలిపించి తీయిస్తే అమంగళం. మా పెద్దమ్మమ్మల తరంలో అది కళ్లారా చూసినవాళ్లు ఉన్నారు. మందు వల్ల పోతే ఏమిటో ఎవరికీ తెలియలేదు. లిఫ్ట్‌లో ఎదురైనవాళ్లు నా తల చూసి, వెంటనే మెడలోకి చూసేవాళ్లు, తాళి ఉందా లేదా అని. ఉందని తేలాక వాళ్ల ముఖాల్లో కనిపించే ఊరటని నేను ఎప్పటికీ మర్చిపోను.

వచ్చినవాళ్లందరికీ ఇంకో మాట ఇష్టం. ‘‘మన వైజాగ్ పిల్లవి, ఉక్కు మనిషివి’’ అని. మా మావయ్య స్టీల్‌ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యారు. అక్కడి మూడు ఫర్నేసులకీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. నిప్పు కడుపులో పెట్టుకుని నిలబడే వాటికి ఆడపేర్లే పెట్టారు చూడండి! ఒకరోజు ఎవరో వచ్చి ఉక్కు మాట అని వెళ్లాక, మావయ్య నా మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని అన్నారు: ‘‘ఉక్కు ఉక్కు అంటారు గానీ ఫర్నేసు సంగతి వీళ్లకేం తెలుసమ్మా. లోపల ఇటుకల పొర అరిగిపోతూ ఉంటుంది. కొన్నేళ్లకోసారి దాన్ని ఆపి, చల్లార్చి, పొర మార్చి మళ్లీ వెలిగించాలి. ఆపకుండా నడిపితే గోడ తినేస్తుంది. నువ్వూ కాస్త ఆపు. ఎవరైనా వస్తే పడుకుందని నేను చెప్తాను.’’

జబ్బు వచ్చాక నాకు సెలవిచ్చిన మొదటి మనిషి ఆయన. కాలేజీ సెలవు ముందే వచ్చింది. ఆయన ఇచ్చింది నవ్వు నుంచి సెలవు.

మూడు వారాలకోసారి గురువారం పొద్దున్నే కీమోకి వెళ్లేదాన్ని. పెద్ద హాలు, వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కనా సెలైన్ స్టాండు. అదే వారం, అదే రోజు వచ్చేవాళ్లం ఆరుగురం. మాలో పెద జాలరిపేట నుంచి వచ్చే అప్ప ఉండేది. ఎండుచేపల వ్యాపారం. ఆరోగ్యశ్రీ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి జాకెట్లో దాచుకునేది. ఆ పథకం 2007లో రాకపోయి ఉంటే ఈ పాటికి బంగారం, పడవ రెండూ అమ్మేసేవాళ్లమని చెప్పేది. నర్సుకి ఆమె చేతిలో నరం దొరికేది కాదు. ‘‘నా నరాలు నెత్తళ్లమ్మా, వలేత్తే జారిపోతాయి’’ అనేది. బోడితల మీద మగపిల్లల టోపీ పెట్టుకుని వచ్చి, ‘‘ఈ టోపీతో పోలీసోడిలాగున్నానంట. పెళ్లయిన ముప్పయ్యేళ్లకి ఇప్పుడు బయపడతన్నాడు మా ఆయన’’ అంటే హాలంతా పగలబడి నవ్వేది. నర్సులు కూడా. నాకు ఆమె పక్క కుర్చీ కోసం తొందరగా వెళ్లడం అలవాటైంది. ఇదిగో, నా థీసిస్‌లో దొరకని హాస్యం ఇక్కడుంది అని మురిసిపోయాను. ఆమె మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం కూడా మొదలుపెట్టాను.

ఆరోసారి వెళ్లినప్పుడు ఆమె ఏమీ మాట్లాడలేదు. గోడకేసి తిరిగి కూర్చుంది. ‘‘ఏంటప్పా, ఇవాళ బోణీ కాలేదా?’’ అన్నాను, నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని. ఆమె మెల్లిగా నా వైపు తిరిగింది. ‘‘ఇంటికాడ పిల్లలు ఏడుత్తారని నవ్వించి వత్తాను. బస్సులో అడిగినోళ్లకి నవ్వతానే సెప్తాను. ఇక్కడ కూకున్న నాలుగ్గంటలన్నా మూతి ముడుసుకుందారంటే, నీక్కూడా నవ్వాలా మేడమ్మా?’’ అంది.

నాకు జవాబు రాలేదు. మా ఇంటికి వచ్చిన ఆ పదకొండు మంది కుర్చీలో నేనూ కూర్చున్నానని ఆ క్షణం అర్థమైంది. నేను చదువుకున్నదాన్ని, స్త్రీవాదినని చెప్పుకునేదాన్ని. నాకంటే పేదరాలైన స్త్రీ దగ్గర నవ్వుని ఉచితంగా పట్టుకుపోతున్నాను, పైగా దానికి ‘శ్రామిక స్త్రీ హాస్యం’ అని పేరు పెట్టుకుని. నోటుపుస్తకం సంచిలో పెట్టేశాను. కాసేపటికి ఆమే సూది లేని చెయ్యి నా కుర్చీ పిడి మీద వేసింది. ఇద్దరం మాట్లాడకుండా సెలైన్ చుక్కలు చూస్తూ కూర్చున్నాం. ఆ ఎనిమిది నెలల్లో నాకు నిజంగా విశ్రాంతి దొరికిన రోజు అది.

ఆ రోజు తరవాత నవ్వుని నేను ఇంకోలా చూడటం మొదలుపెట్టాను. ఒక గదిలో నవ్వొచ్చు, అదే గదిలో ఏడవనూ వచ్చు అంటే, ఆ నవ్వు మనది. నవ్వు మాత్రమే చెల్లుతుంది అంటే, అది గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం లాంటి ఇంకో ఇంటిపని.

మా ఆరుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్లలో ఒకరు బొబ్బిలి వైపు నుంచి వచ్చే టీచరమ్మ. మా అందరిలోకీ ఉత్సాహంగా ఉండేది ఆమే. పొద్దున్నే లేచి సహస్రనామం చదువుకుని వచ్చేది, అందరికీ చాక్లెట్లు పంచేది, ‘‘నాకేం కాదు, అమ్మవారు చూసుకుంటుంది’’ అనేది. ఆమె పోయిన రోజు హాల్లో బంధువు ఎవరో అనడం నా చెవులారా విన్నాను: ‘‘చివర్లో ధైర్యం వదిలేసిందండీ, లేకపోతే బతికేది.’’ అప్పట్లో రోజూ ఏడ్చే అనకాపల్లి అమ్మాయి, ‘నేను చచ్చిపోతాను, నా పిల్లలు ఏమైపోతారు’ అని గుండెలు బాదుకునే అమ్మాయి, ఇప్పుడు చక్కగా తిరుగుతోంది.

ఒకరిద్దరి ఉదాహరణలతో సిద్ధాంతాలు చెయ్యకూడదని నాకు తెలుసు. అందుకే లెక్కలు చెప్తాను. అమెరికాలో జేమ్స్ కోయన్, అతని సహచరులు తల, మెడ కేన్సర్లు వచ్చిన 1,093 మంది మానసిక స్థితిని, వాళ్లు ఎన్నాళ్లు బతికారన్నదాన్ని పోల్చి చూసి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఉల్లాసంగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని గానీ, దిగులుగా ఉన్నవాళ్లు త్వరగా పోయారని గానీ తేలలేదు. నవ్వు వల్ల రోజు తేలిగ్గా గడవచ్చు, అది చిన్న విషయం కాదు. కానీ గడ్డ పరిమాణం నవ్వుని బట్టి మారదు. ధైర్యంగా ఉంటే బతుకుతారు అనే మాటకి ఇంకో వైపు ఉంది: చనిపోయినవాళ్లు ధైర్యం లేక చనిపోయారు అని. టీచరమ్మని జబ్బు చంపింది. ఆ నేరం మళ్లీ ఆమె మీదే వేసి పాడె ఎత్తారు.

ఈ సంగతి నాకంటే ముందు చెప్పినవాళ్లు ఉన్నారు. బార్బరా ఎరెన్‌రైక్ తనకి రొమ్ము కేన్సర్ వచ్చాక 2001లో రాసిన వ్యాసంలో గులాబీ రిబ్బన్లనీ, రోగులకిచ్చే బొమ్మ ఎలుగుబంట్లనీ చూసి మండిపడింది. మనల్ని మళ్లీ చిన్నపిల్లల్ని చేస్తున్నారేమిటని అడిగింది. తన కోపాన్ని తోటి రోగులతో పంచుకుంటే వాళ్ల దగ్గర చీవాట్లు తిన్నది. నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1980లో అచ్చయిన ‘ది కేన్సర్ జర్నల్స్’లో, రొమ్ము తీసేశాక కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే, అలా రావడం అక్కడి మిగతావాళ్ల మనోధైర్యానికి మంచిది కాదని నర్సు మందలించిన సంగతి రాసింది. ఒక స్త్రీ తన శరీరం ఉన్నది ఉన్నట్టుగా బయటికి రావడం కూడా మిగిలినవాళ్ల ధైర్యానికి అడ్డమన్నమాట.

ఇంకో పేరు రోజ్ కుష్నర్. అమెరికాలో జర్నలిస్టు. ఆ రోజుల్లో గడ్డ ఉందని మత్తిచ్చి పడుకోబెట్టి, కోసి చూసి, కేన్సర్ అని తేలితే అదే మత్తులో రొమ్ము, కింది కండరాలతో సహా తీసేసేవాళ్లు. మెలకువ వచ్చాక గానీ ఆ స్త్రీకి తెలిసేది కాదు. 1974లో ఆమె దానికి ఒప్పుకోలేదు. ముందు పరీక్ష చెయ్యండి, నిర్ణయం తరవాత నేను తీసుకుంటాను అంది. డాక్టర్లతో పోట్లాడింది, రాసింది, గొడవ చేసింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం ఆ భారీ శస్త్రచికిత్స ఇక ప్రామాణిక చికిత్స కాదని తేల్చింది. అందులో ఆమె కూడా సభ్యురాలు. ఇవాళ నాకు ఆపరేషన్‌కి ముందే రిపోర్టు చేతికిచ్చి, అవకాశాలు వివరించి, సంతకం అడిగారంటే అలా గొడవపడ్డ స్త్రీల వల్లే. నవ్వుతూ తలూపిన ‘మంచి పేషెంట్ల’ వల్ల కాదు.

నవ్వు చేసిన ఇంకో అపకారం కూడా చెప్పాలి. జాలరిపేట అప్పకి గడ్డ చేతికి తగిలిన ఎనిమిది నెలలకి గానీ ఆసుపత్రికి రాలేదు. ‘నొప్పి లేదు కదా’ అనుకుంది. కూతురి పెళ్లి ఉంది. వేట నిషేధం రోజులు, చేతిలో డబ్బు లేదు. పైగా ఆ చోటు ఎవరికి చూపిస్తాం? కోడలు చూసి అడిగితే ‘‘వయసులో లేనిది ఇప్పుడొచ్చింది’’ అని నవ్వేసిందట. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకి రొమ్ము కేన్సర్ వస్తోంది, సుమారు 98 వేల మంది చనిపోతున్నారు. మన దగ్గర ఇంతమంది పోవడానికి ఆలస్యంగా రావడం ఒక పెద్ద కారణం. రొమ్ము కేన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. చర్మం సొట్ట పడటం, మొన లోపలికి పోవడం, రక్తం కారడం లాంటివి కనిపిస్తే నవ్వేసి ఊరుకోకూడదు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు సుమారు లక్షా యాభై వేల మంది స్త్రీలతో ఇరవై ఏళ్లు చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, అదీ స్త్రీలు, రెండేళ్లకోసారి చేత్తో పరీక్షిస్తే, 50 ఏళ్లు దాటినవాళ్లలో ఆ కేన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. నవ్వు చెయ్యలేని పని ఒక ఆరోగ్య కార్యకర్త చెయ్యి చెయ్యగలదు. 1991లో ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం మన శరీరాల గురించి మనం సిగ్గుపడకుండా తెలుసుకుందాం అన్నప్పుడు అడిగింది ఇదే.

ఇక నమ్మకం. నేను దేవుణ్ణి నమ్మను. అలాగని మా ఊరి దేవుళ్లతో నాకు పేచీ కూడా లేదు. పోర్టు పక్కన వన్‌టౌన్‌లో మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. అప్ప మూడు కొండలూ ఎక్కి మూడు చోట్లా మొక్కుకుంది. ‘‘ఏ వలలో పడితే ఆ వల’’ అని ఆమె లెక్క. టీచరమ్మకి నమ్మకం నిజంగా తోడుగా ఉండేది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. నాకు చిరాకేసింది నా చేత నమ్మించాలని చూసినవాళ్లతో. ‘‘నమ్మకం లేకపోతే మందు పని చెయ్యదమ్మా’’ అనేవాళ్లు. ధైర్యం మాట లాగే ఇదీ. పని చెయ్యకపోతే తప్పు మనదే.

నాకు ఏ నమ్మకమూ లేదంటే అబద్ధం. 1895లో భీమవరంలో పుట్టి, ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోవడం చూసి, అమెరికా వెళ్లి ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన మందులతోనే సిడ్నీ ఫార్బర్ 1947, 48లలో పసిపిల్లల రక్త కేన్సర్‌కి చికిత్స మొదలుపెట్టాడు. చెల్లెలు కేన్సర్‌తో పోవడం చూసిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1954లో మద్రాసు అడయార్‌లో కేన్సర్ ఆసుపత్రి తెరిచారు. మా కుర్చీల పక్కన వేలాడే ఆ సీసాల వెనక ఇలా తమ దుఃఖాన్ని నవ్వి మర్చిపోనివాళ్లు ఎందరో ఉన్నారు. నా చేతిలో నరం వెతికే ఇరవై రెండేళ్ల నర్సు మీద నాకున్నది కూడా నమ్మకమే.

మా అత్తయ్య సంగతి చెప్పాలి. అప్పన్న జోకు జరిగాక ఆమె నాతో పది రోజులు సరిగా మాట్లాడలేదు. ఒకరోజు నేనే వెళ్లి పక్కన కూర్చుని, ‘‘ఆ మొక్కు వల్ల కాదత్తయ్యా ఇది వచ్చింది’’ అన్నాను. ‘‘నాకూ తెలుసమ్మా’’ అన్నారు. ‘‘కానీ మీరంతా ఆసుపత్రికి వెళ్తే నేనిక్కడ చేతులు ముడుచుకుని కూర్చోలేను. నాకు చేతనైంది అదొక్కటే.’’ మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా సింహాచలం బస్సెక్కి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. తలుపు తీస్తే గుండు! ‘‘మొక్కింది నేను, నీ జుట్టు ఇస్తాననడానికి నేనెవర్ని? నాది నేనిచ్చుకున్నాను’’ అన్నారు. అరవై రెండేళ్ల మనిషి. నేను తెల్లబోయి చూస్తుంటే, అప్పటికే బట్టతలైన మావయ్య పేపర్లోంచి తలెత్తి, ‘‘ఈ ఇంట్లో జుట్టున్నవాళ్లు మైనారిటీ అయిపోయారు’’ అన్నారు. ముందు అత్తయ్య నవ్వారు. తరవాత నేను. నవ్వి నవ్వి కుట్లు లాగి, ఆ నొప్పికి ఏడుపొచ్చి, ఏడుస్తూ మళ్లీ నవ్వాను. ఎవరూ నన్ను ఆపమనలేదు.

మొక్కంటే ఏమిటో నాకు ఆ రోజు కొంచెం తెలిసింది. ఏమీ చెయ్యలేనివాళ్లు చేసే పని అది. దాన్ని సొంత తల మీద చేసుకుంటే నేను దండం పెడతాను. నా తల మీద చేస్తానంటే ఒప్పుకోను.

ఆ మార్గశిరంలో ఒక గురువారం అత్తయ్యతో బురుజుపేట వెళ్లాను, నా ఇష్టంతోనే. కనకమహాలక్ష్మి అమ్మవారు 1912లో బావిలో దొరికిందని చెప్తారు. 1917లో దారి కోసం పక్కకి జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందని, మళ్లీ తెచ్చి ఉన్నచోటే పెట్టారని కూడా. గుడికి కప్పు లేదు. ఎండా వానా అన్నీ ఆమె మీదే. మధ్యలో పూజారి అవసరం లేకుండా ఎవరైనా ముట్టుకుని పసుపు రాయొచ్చు. ఆ విగ్రహానికి ఎడమ చెయ్యి లేదు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్లానో, ఆ సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు చూశాను. నా ఎడమ చంకలోంచి గ్రంథులు తీసేశారు. ఆ చేతికి సూది గుచ్చొద్దు, బీపీ చూడొద్దు, బరువు మొయ్యొద్దన్నారు. అందుకే కుడి చేత్తో పసుపు రాశాను. నాకేమీ అద్భుతం జరగలేదు, భక్తి కూడా కలగలేదు. కాకపోతే, అంత మంది ఆడవాళ్లు తోసుకుంటూ వచ్చి దండం పెడుతున్న ఆ శరీరంలో ఒక భాగం లేదు. దాన్ని ఎవరూ కృత్రిమంగా అతికించి దాచలేదు. ఆమె నవ్వుతోందా లేదా అని కూడా ఎవరూ చూడటం లేదు. నాకు ఆ గుళ్లో ఊపిరాడింది.

కిందటి నెల మా కాలేజీలో పనిచేసే ఒకావిడకి ఇదే జబ్బని తెలిసింది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. హాలు నిండా జనం. ఆమె మధ్యలో కూర్చుని అందరికీ సమాధానాలు చెప్తూ నవ్వుతోంది. నన్ను చూడగానే, ‘‘మీరెంత ధైర్యంగా ఉండేవారో నాకు గుర్తుంది మేడమ్, నేనూ అలాగే ఉంటాను’’ అంది. నాకు తల కొట్టేసినట్టైంది. ఆ ధైర్యం సగం అబద్ధమని అంతమందిలో ఎలా చెప్పను? ఆమె లేచి, ‘‘ఉండండి, టీ పెడతాను’’ అంది.

‘‘నువ్వు కూర్చో’’ అని, వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించాను. రెండు నిమిషాలకి ఆమె నా వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసింది. నేను పాలు పొంగకుండా చూస్తూ నిలబడ్డాను. వెనక ఆమె ఏడుస్తోంది. నేను ధైర్యం చెప్పలేదు. టీపొడి ఎక్కడుందో మాత్రం అడిగాను.